మహమ్మారి తర్వాత పటాన్‌చెరు: వ్యర్థాన్ని మళ్లీ పనిలో పెట్టే ఆర్థిక వ్యవస్థ

హైదరాబాద్ నుంచి ముంబై జాతీయ రహదారి మీద రామచంద్రాపురం బీహెచ్‌ఈఎల్ టౌన్‌షిప్ దాటగానే పటాన్‌చెరు పారిశ్రామిక వాడ మొదలవుతుంది. అక్కడి నుంచి ఒక పాయ ఇస్నాపూర్, పాశమైలారం, రుద్రారం మీదుగా సంగారెడ్డి, సదాశివపేటల వైపు సాగుతుంది. మరో పాయ బొల్లారం, ఖాజీపల్లి, గడ్డపోతారం, జిన్నారం వైపు మళ్లుతుంది. 1970లలో ఆంధ్రప్రదేశ్ పారిశ్రామిక మౌలిక సదుపాయాల సంస్థ వేసిన ప్లాట్లతో ఈ వాడకు పునాది పడింది. 1980లో ఇందిరా గాంధీ మెదక్ నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యాక పరిశ్రమల రాక జోరందుకుంది. మందుల ముడిసరుకు, రంగులు, టైర్లు, బీరు, ఇనుప చువ్వలు అన్నీ ఇక్కడ తయారవుతాయి. పాత మెదక్ జిల్లా నుంచి విడివడి 2016 అక్టోబర్ 11న సంగారెడ్డి జిల్లా ఏర్పడింది.

ఈ కంపెనీల గేట్లు దాటి బయటికి వచ్చేది సరుకొక్కటే కాదు. రసాయన శాస్త్రవేత్త రోజర్ షెల్డన్ 1992లో వేసిన లెక్క ప్రకారం మందుల పరిశ్రమలో కిలో సరుకు తయారీకి 25 నుంచి 100 కిలోలకు పైగా వ్యర్థం మిగులుతుంది. వాడేసిన ద్రావకాలు, ఉప్పునీళ్లు, బురద, బాయిలర్ బూడిద, ఖాళీ డ్రమ్ములు ఆ లెక్కలోవే. ఒక చోట మిగిలినదాన్ని పారేయకుండా మరో చోట ముడిసరుకుగా వాడడం, వస్తువును బాగుచేసి ఎక్కువ కాలం నడపడం, నీటిని శుద్ధి చేసి మళ్లీ తోడుకోవడం, వీటన్నిటినీ కలిపి చక్రీయ ఆర్థిక వ్యవస్థ అంటున్నారు. డెన్మార్క్‌లోని కాలుండ్‌బోర్గ్ పట్టణంలో 1970ల నుంచి రిఫైనరీ, విద్యుత్ కేంద్రం, జిప్సం బోర్డుల ఫ్యాక్టరీ ఒకరి ఆవిరిని, వాయువును, బూడిదను మరొకరికి అందిస్తూ వచ్చాయి. దీనికి తరచూ చూపే ఉదాహరణ అదే.

కోవిడ్-19ను మహమ్మారిగా ప్రపంచ ఆరోగ్య సంస్థ పేర్కొన్న 2020 మార్చి 11నే యూరోపియన్ కమిషన్ తన కొత్త చక్రీయ ఆర్థిక కార్యాచరణ ప్రణాళికను ఆమోదించింది. ఆ మరుసటి నెలలో, తొలి దశ కేసుల మధ్యే, ఆమ్‌స్టర్‌డామ్ నగరం 2030 నాటికి కొత్త ముడిసరుకు వాడకాన్ని సగానికి తగ్గించుకుంటామని ప్రకటించింది. నగరాలు కోలుకోవడానికి ఇదొక దారి అన్న మాట అప్పటి నుంచి బలపడింది. ఆ మాటకు తెలుగు నేల మీద అసలైన పరీక్ష పటాన్‌చెరు. లోకానికి మందులిచ్చే ఊరు ఇదే, ఆ మందుల మురుగును దశాబ్దాలుగా మోస్తున్న ఊరూ ఇదే.

లాక్‌డౌన్ బయటపెట్టిన లోటు

2020 మార్చి 3న కేంద్రం పారాసిటమాల్‌తో సహా 26 రకాల ముడి ఔషధాలు, వాటితో చేసే మందుల ఎగుమతిపై ఆంక్షలు పెట్టింది. చైనా నుంచి వచ్చే ముడిసరుకు ఆగిపోతే దేశంలో మాత్రలకే కరువొస్తుందన్న భయం దాని వెనుక ఉంది. అదే నెల 21న ముడి ఔషధాల దేశీయ తయారీకి 6,940 కోట్ల రూపాయల ప్రోత్సాహక పథకానికి ఆమోదం లభించింది. లాక్‌డౌన్‌లోనూ మందుల కంపెనీలకు అత్యవసర సేవల కింద మినహాయింపు ఉంది. సంగారెడ్డి జిల్లాలో యూనిట్లున్న ఎంఎస్‌ఎన్ లేబొరేటరీస్ 2020 ఆగస్టులో ఫవిపిరావిర్ మాత్రలను ‘ఫవిలో’ పేరుతో మార్కెట్లోకి తెచ్చింది.

తయారీ నడిచినా ద్రావకాల సరఫరా చిక్కుల్లో పడింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన శానిటైజర్ మిశ్రమాలు రెండే: 80 శాతం ఇథనాల్‌తో ఒకటి, 75 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో మరొకటి. ఆ ఐసోప్రొపైల్ ఆల్కహాలే మందుల కంపెనీల్లో నిత్యం వాడే ద్రావకం. ఊరూరా శానిటైజర్ సీసాలు నిండుతుంటే దాని ధర ఒక్కసారిగా పెరిగింది. సొంత ప్రాంగణంలో ద్రావకాన్ని తిరిగి రాబట్టుకునే ఏర్పాటు ఉన్న యూనిట్ అలాంటప్పుడు బయటి మార్కెట్ మీద ఆ మేరకు తక్కువ ఆధారపడుతుంది. పర్యావరణం ఖాతాలో రాసుకునే పని సరఫరా భద్రతకూ పనికొస్తుందనడానికి ఇంతకంటే సూటి రుజువు అక్కర్లేదు.

మదర్ లిక్కర్ నుంచి సిమెంట్ బట్టీ దాకా

రియాక్టర్‌లో చర్య పూర్తయి మందు స్ఫటికాలుగా విడిపోయాక సెంట్రిఫ్యూజ్ తిప్పి పొడిని వేరుచేస్తారు. మిగిలిన ద్రవాన్ని కంపెనీల్లో మదర్ లిక్కర్ అంటారు. అందులో టోలిన్, మిథనాల్, అసిటోన్, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వంటివి ఒకటో రెండో ఉంటాయి. వాటితోపాటు కొంత మందు, కొంత మలినం కూడా. ఈ ద్రవాన్ని డిస్టిలేషన్ కాలమ్‌లోకి పంపి వేడిచేస్తారు. అసిటోన్ 56 డిగ్రీల దగ్గర, మిథనాల్ 65 దగ్గర, టోలిన్ 110 దాటాక ఆవిరవుతాయి. ఆవిరిని చల్లబరిచి ట్యాంకులో పడతారు. ల్యాబ్‌లో గ్యాస్ క్రొమటోగ్రఫీ పరీక్ష నెగ్గితే ఆ ద్రావకం మళ్లీ అదే మందు తయారీకి, సాధారణంగా అదే దశకు వెళ్తుంది.

ఐసోప్రొపైల్ ఆల్కహాల్ మాత్రం అంత తేలికగా లొంగదు. సుమారు 12 శాతం నీరు ఉన్నప్పుడు 80 డిగ్రీల దగ్గర రెండూ కలిసే ఆవిరవుతాయి. మామూలు కాలమ్ ఆ నీటిని విడదీయలేదు. దాన్ని వదిలించుకోవడానికి మరో ద్రావకాన్ని కలపడమో, నీటిని పీల్చే మాలిక్యులర్ సీవ్ వాడడమో చేయాలి. కరెంటు, ఆవిరి ఖర్చు అక్కడే పెరుగుతుంది. కొత్త డ్రమ్ము ధర తక్కువగా ఉన్న రోజుల్లో చిన్న యూనిట్లు ఈ పనికి వెనకాడడానికి కారణమూ అదే. ఇలా రాబట్టిన ఆల్కహాల్‌లో మందు అవశేషాలు ఉండే అవకాశం ఉంది కాబట్టి శానిటైజర్‌గా చేతులకు పూయడానికి దాన్ని వాడకూడదు.

కాలమ్ అడుగున మిగిలే జిగట మడ్డికి మంటపుట్టించే శక్తి బాగా ఉంటుంది. గతంలో ఇలాంటిది దుండిగల్‌లోని ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి చేరేది, లేదా రాత్రిపూట ఏ వాగులోనో పడేది. ఇప్పుడు సిమెంట్ బట్టీల్లో బొగ్గుకు తోడుగా దీన్ని వాడే పద్ధతి పెరిగింది. సిమెంట్‌కు ముందు రూపమైన క్లింకర్ తయారయ్యే చోట పదార్థం 1,450 డిగ్రీలకు చేరుతుంది. సేంద్రియ విషాలు ఆ వేడికి విడిపోతాయి, బూడిద క్లింకర్‌లోనే కలిసిపోతుంది. ఒకరి ప్రమాదకర వ్యర్థం మరొకరికి ముడిసరుకు కావడానికి 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల్లోని 9వ నిబంధన దారి చూపింది. ఒక్కో వ్యర్థానికి కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి విడిగా పద్ధతి ఖరారు చేస్తుంది, రాష్ట్ర మండలి అనుమతి ఇస్తుంది.

నీళ్లు

ఈ వాడలో చక్రం పూర్తవాల్సింది ముందుగా నీటి దగ్గర. కంపెనీల మురుగు ఇసుకవాగులోకి, నక్కవాగులోకి, వాటి ద్వారా మంజీరలోకి పోయింది. హైదరాబాద్‌కు తాగునీరిచ్చిన నదుల్లో మంజీర ఒకటి. చెరువులు రంగు మారాయి, పొలాలు బీడుపడ్డాయి. పటాన్‌చెరులో వైద్యం చేస్తూ ఈ అన్యాయంపై పోరాడిన డాక్టర్ అల్లాని కిషన్‌రావు వంటివారి శ్రమతో, 1990లో సుప్రీంకోర్టుకు చేరిన కేసుతో ఈ సంగతి దేశం దృష్టికి వచ్చింది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2009లో వేసిన కాలుష్య సూచికలో పటాన్‌చెరు–బొల్లారం ప్రాంతానికి 70.07 మార్కులు పడ్డాయి. 70 దాటితే తీవ్ర కలుషిత ప్రాంతం కింద లెక్క.

కంపెనీల మురుగును ఒకచోట చేర్చి శుద్ధి చేసేందుకు 1994లో పటాన్‌చెరు ఎన్విరోటెక్ లిమిటెడ్ ఏర్పడింది. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయ పరిశోధకుడు జోకిమ్ లార్సన్ బృందం ఆ కేంద్రం నుంచి శుద్ధయి వచ్చే నీటిని పరీక్షించింది. సుమారు 90 ముడి ఔషధ కంపెనీల మురుగు అక్కడికి చేరేది. 2007లో వెలువడిన ఆ పరిశోధన ప్రకారం సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయోటిక్ లీటరు నీటిలో 31 మిల్లీగ్రాముల దాకా కనిపించింది. కొన్ని బ్యాక్టీరియాలను చంపడానికి సరిపడే మోతాదుకు ఇది వెయ్యి రెట్లకు పైమాటే. ఆ నీటిలో బతికి బట్టకట్టిన బ్యాక్టీరియా మందుకు లొంగదు. మందులకు లొంగని బ్యాక్టీరియా వల్ల 2019లో నేరుగా సంభవించిన మరణాలు ప్రపంచవ్యాప్తంగా 12.7 లక్షలని లాన్సెట్ అధ్యయనం 2022లో అంచనా వేసింది. ఒక మహమ్మారి నుంచి కోలుకునే క్రమంలో మరోదానికి విత్తనం వేయకూడదంటే పటాన్‌చెరు నీటిని పట్టించుకోక తప్పదు.

ఇప్పుడు పెద్ద కంపెనీలు చుక్క మురుగునీరు కూడా బయటికి వదలని ‘జీరో లిక్విడ్ డిశ్చార్జ్’ పద్ధతికి మారాయి. ఉప్పు, రసాయనాలు ఎక్కువున్న నీటిని విడిగా పడతారు. ముందు స్ట్రిప్పర్‌లో మిగిలిన ద్రావకాన్ని రాబడతారు. తర్వాత మల్టిపుల్ ఎఫెక్ట్ ఇవాపరేటర్‌లో నీటిని ఆవిరి చేసి పడతారు. చిక్కటి మడ్డిని పలుచటి పొరగా ఆరబెడితే ఉప్పు మిగులుతుంది. తక్కువ గాఢత ఉన్న నీరు సూక్ష్మజీవుల ట్యాంకు దాటి ఆర్‌ఓ పొరల గుండా వెళ్లి కూలింగ్ టవర్లకు, బాయిలర్లకు తిరిగొస్తుంది. చెప్పినంత సులువు కాదిది. నీటిని మరిగించడానికి బొగ్గో కరెంటో తగలబడుతుంది. మిగిలే మిశ్రమ ఉప్పును కొనేవాళ్లు ఉండరు, దాన్ని దుండిగల్‌లో పూడుస్తారు. చక్రంలో తెగిన చోటు అదే. ఆ ఉప్పులోంచి సోడియం సల్ఫేట్ వంటివాటిని శుద్ధంగా వేరుచేసే ఏర్పాట్లు ఉమ్మడిగా వస్తే తప్ప చిన్న యూనిట్లకు ఇది గిట్టుబాటు కాదు.

ఉమ్మడి కేంద్రంలో శుద్ధయిన నీటిని సుమారు 18 కిలోమీటర్ల పైపులైన్ ద్వారా నగర మురుగు వ్యవస్థలో కలిపి అంబర్‌పేట శుద్ధి కేంద్రానికి పంపే ఏర్పాటూ చేశారు. దాంతో నక్కవాగుకు కొంత ఊపిరి అందింది. అయితే ఇళ్ల మురుగును తినే సూక్ష్మజీవులున్న చోటికి ఫ్యాక్టరీ నీటిని పంపడం సమస్యను మంజీర నుంచి మూసీకి తరలించడమే అవుతుందన్న విమర్శ ఉంది. ఆ విమర్శ న్యాయమైనది. మురుగునీటికి మరో విలువ ఉందని కూడా మహమ్మారి చూపించింది. హైదరాబాద్‌లోని సీసీఎంబీ, ఐఐసీటీ శాస్త్రవేత్తలు 2020 ఆగస్టులో నగర మురుగులో వైరస్ అవశేషాలు కొలిచి, సుమారు 6.6 లక్షల మందికి వ్యాధి సోకి ఉంటుందని అంచనా కట్టారు. అప్పటి పరీక్షల లెక్క దానికి ఎంతో దూరంలో ఉంది.

ఇళ్ల మురుగుకు తక్కువ ఖర్చు దారి పటాన్‌చెరులోనే ఉంది. 1972లో ఇక్కడ ఏర్పడిన పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌లో ఇసుక, కంకర పొరల మీద జమ్ము, మెట్టతామర వంటి మొక్కలు పెంచి మురుగును వాటి వేళ్ల గుండా పోనిచ్చే కృత్రిమ చిత్తడి నేలలపై ప్రయోగాలు జరిగాయి. భారత్, యూరోపియన్ యూనియన్ కలిసి నడిపిన వాటర్4క్రాప్స్ పథకంలో అది భాగం. కరెంటు పెద్దగా అక్కర్లేదు, నత్రజని, భాస్వరం కొంత మిగిలిన ఆ నీరు పొలానికి ఎరువుతో సహా అందుతుంది. కార్మికుల కాలనీలు కిక్కిరిసిన ఇస్నాపూర్, అమీన్‌పూర్ వంటి చోట్ల దీనికి చాలా అవకాశం ఉంది. అమీన్‌పూర్ చెరువుకు 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా గుర్తింపు దక్కింది కూడా.

పిప్పి, బూడిద, డ్రమ్ము, తుక్కు

సంగారెడ్డి పక్కన బీరు ఫ్యాక్టరీ ఉంది. బీరు కాచగా మిగిలే బార్లీ పిప్పిలో మాంసకృత్తులు దండిగా ఉంటాయి. బీరు కంపెనీ ఎస్‌ఏబీమిల్లర్ ఇండియాతో కలిసి ఇక్రిశాట్ 2009 నుంచి ఫసల్‌వాది, శివంపేట వంటి ఊళ్లలో వాటర్‌షెడ్ పనులు చేపట్టినప్పుడు ఈ పిప్పిని మహిళా సంఘాల ద్వారా పాడి రైతులకు చేర్చారు. గేదెలు పాలు ఎక్కువ ఇచ్చాయి, సంఘాలకు నాలుగు రూపాయలు మిగిలాయి. తడి పిప్పి ఎండకు రెండు మూడు రోజుల్లో పులిసిపోతుంది కాబట్టి దూరం పంపలేరు. అందుకే ఫ్యాక్టరీ చుట్టుపక్కల ఊళ్లకే ఈ లాభం. లాక్‌డౌన్‌లో దాణా లారీలు ఆగినప్పుడు ఊరి పక్కన దొరికే మేత విలువేమిటో పాడి రైతుకు ఎవరూ చెప్పక్కర్లేదు.

బాయిలర్ బూడిద ఇటుక బట్టీలకు పోతుంది. రోలింగ్ మిల్లులకు, ఫర్నేసులకు పాత ఇనుమే ప్రాణం. ఇది కొత్తగా వచ్చిన పద్ధతేమీ కాదు.

నీలం రంగు 200 లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్ము సంగతి వేరు. రసాయనం అయిపోయాక అడుగున గుప్పెడు మిగులుతుంది. నిబంధనల జాబితాలో ఆ ఖాళీ డ్రమ్మే ఒక ప్రమాదకర వ్యర్థం. కడిగి, ఆ కడిగిన నీటిని కూడా మురుగు ట్యాంకుకు పంపి, లోపల వాసన లేకుండా చేశాకే అమ్మాలి. అలా చేయకుండా పాత సామాను కొట్టుకు చేరిన డ్రమ్ములు నీటి ఎద్దడి ఉన్న బస్తీల్లో తొట్లుగా మారడం తెలిసిన సంగతే. సరుకు చక్రంలో తిరిగినట్టే దాంట్లోని విషమూ తిరుగుతుంది. చక్రీయ ఆర్థికం పేరు చెప్పేవారు ముందుగా కడగాల్సింది ఈ డ్రమ్మునే.

కూల్చిన ఇళ్ల ఇటుక, కాంక్రీటు కోసం పొరుగునే జీడిమెట్లలో 2020 నవంబర్‌లో రోజుకు 500 టన్నుల సామర్థ్యంతో ఒక ప్లాంటు మొదలైంది. దానిలోంచి ఇసుక, కంకర, పేవర్ బ్లాకులు వస్తాయి. నిర్మాణ రంగం తిరిగి ఊపందుకునే వేళకు అది అందివచ్చింది. జవహర్‌నగర్‌లో చెత్తతో 19.8 మెగావాట్ల కరెంటు తీసే కేంద్రమూ అదే ఏడాది మొదలైంది. కాల్చడం చక్రం కిందికి రాదు, తిరిగి వాడలేని చెత్తకు చివరి మజిలీ మాత్రమే.

ప్లాస్టిక్ రీసైక్లింగ్ బలహీనతను కూడా మహమ్మారి బయటపెట్టింది. 2020 ఏప్రిల్‌లో ముడి చమురు ధర కుప్పకూలడంతో రీసైకిల్ గుళికల కంటే కొత్త ప్లాస్టిక్ గుళికలే చవక అయ్యాయి. తుక్కు ఏరే వారి రోజు కూలి మీద ఆ దెబ్బ పడింది. హైదరాబాద్‌లో 2013లో మొదలైన బన్యన్ నేషన్ పాత సామాను కొనేవారిని మొబైల్ ద్వారా జతచేసి, శుభ్రమైన గుళికలు తయారుచేసే సంస్థ. 2018లో దావోస్‌లో చక్రీయ ఆర్థిక రంగంలో అవార్డు అందుకుంది. ఇలాంటి సంస్థలు నిలబడాలంటే చమురు ధరతో సంబంధం లేని గిరాకీ కావాలి. 2022 ఫిబ్రవరి నాటి కేంద్ర నిబంధనలు ఆ పని చేశాయి: గట్టి ప్లాస్టిక్ ప్యాకింగ్‌లో 2025–26 నుంచి 30 శాతం, 2028–29 నాటికి 60 శాతం రీసైకిల్ సరుకు వాడాలి.

పనివాళ్లు

2020 ఏప్రిల్ 29న సంగారెడ్డి జిల్లా కందిలోని ఐఐటీ ప్రాంగణంలో భవనాలు కడుతున్న వలస కార్మికులు జీతాలు ఇప్పించండి, మా ఊళ్లకు పంపండి అంటూ రోడ్డెక్కారు. మే 1 తెల్లవారుజామున లింగంపల్లి స్టేషన్ నుంచి జార్ఖండ్‌లోని హతియాకు సుమారు 1,200 మందితో రైలు బయల్దేరింది. దేశంలో తొలి శ్రామిక్ రైలు అదే. పటాన్‌చెరు, బొల్లారం యూనిట్లలో హెల్పర్లు, లోడింగ్ కూలీలు కూడా ఎక్కువగా ఇలాంటి రాష్ట్రాల వారే.

నగరం కోలుకోవడమంటే వీళ్లు తిరిగి రావడం, వచ్చాక నిలబడడం. వ్యర్థాన్ని వేరుచేయడం, బాగుచేయడం, శుద్ధి చేయడం అన్నీ చేతులతో ముడిపడ్డ పనులు కాబట్టి ఉపాధి ఎక్కువే పుడుతుంది. ప్రమాదం కూడా ఎక్కువే. ద్రావకాల ఆవిరి నిప్పురవ్వకు అంటుకుంటుంది. స్టాటిక్ కరెంటుకు ఎర్తింగ్, నైట్రోజన్ రక్షణ, శిక్షణ లేకుండా డిస్టిలేషన్ నడిపిస్తే అది ప్రాణాలతో చెలగాటం. 2025 జూన్ 30న పాశమైలారంలోని ఒక ఫ్యాక్టరీలో డ్రైయర్ దగ్గర జరిగిన పేలుడులో 40 మందికి పైగా కార్మికులు చనిపోయారు. మృతుల్లో చాలామంది వలస వచ్చినవారే. అది రీసైక్లింగ్ యూనిట్ కాదు. అయినా ఈ వాడలో ఏ కొత్త పనిని ప్రోత్సహించినా కాంట్రాక్టు కూలీ పేరు హాజరు పట్టీలో సరిగ్గా ఉందా, అతనికి శిక్షణ ఇచ్చారా అన్న ప్రశ్న ముందు రావాలి.

నిబంధన, టెండరు

మహమ్మారి వేళ తొందర ఒకవైపే పనిచేసింది. 2020 మార్చి 27న కేంద్ర పర్యావరణ శాఖ ముడి ఔషధాల ప్రాజెక్టులను కొంత కాలం పాటు సులభ అనుమతుల తరగతిలో చేర్చింది, వాటికి ప్రజాభిప్రాయ సేకరణ అవసరం లేకుండా పోయింది. దానికి రెండు నెలల ముందు, జనవరిలో, మందుల కంపెనీల మురుగులో యాంటీబయోటిక్ అవశేషాలకు పరిమితులు పెడుతూ ముసాయిదా వచ్చింది. 2021 ఆగస్టులో తుది నోటిఫికేషన్ వెలువడేసరికి ఆ పరిమితులు కనిపించలేదు. ఉత్పత్తి పెంచడానికి ఉన్న తొందర మురుగు కొలవడంలో లేకపోయింది. పటాన్‌చెరు జనం ఇలాంటి మినహాయింపుల ఖర్చు ఇప్పటికే ఒకసారి చెల్లించారు.

యాంటీబయోటిక్ తయారీదారుల అంతర్జాతీయ సంఘం 2022లో ఒక ప్రమాణాన్ని ప్రకటించింది. కంపెనీ వదిలే నీటిలో మందు ఎంత దాటకూడదో అందులో ఉంది. అది స్వచ్ఛందం. కొనేవాడు అడిగితేనే దానికి బలం వస్తుంది. నార్వే ఆసుపత్రులకు మందులు కొనే సంస్థ యాంటీబయోటిక్ టెండర్లలో పర్యావరణానికి విడిగా మార్కులు కేటాయించింది. తెలంగాణలో ప్రభుత్వ ఆసుపత్రులకు మందులు కొనేది రాష్ట్ర వైద్య సేవలు, మౌలిక సదుపాయాల అభివృద్ధి సంస్థ. తక్కువ ధర ఒక్కటే చూడకుండా శుద్ధి చేసిన నీటి పరీక్ష నివేదిక, ద్రావకాల రికవరీ శాతం, ఖాళీ డ్రమ్ముల లెక్క టెండరు పత్రంతో పాటు జతచేయాలని ఆ సంస్థ అడగవచ్చు. అందుకు కొత్త చట్టం అక్కర్లేదు. టెండరు షరతుల్లో ఒక పేజీ చేర్చితే చాలు. ఇక్కడి కంపెనీలు అమ్మే మేరకు దాని ఫలితం నక్కవాగులో తీసిన నీటి నమూనాలో కనిపిస్తుంది.